గుంపును వదిలి ఒక్కదాన్ని పట్టుకోండి

సముద్ర జీవుల జనాభా మీద పని చేస్తామంటూ వచ్చే పిల్లలకు మన దగ్గర దొరికే సలహా ఒకటే. వీలైనంత డేటా పోగెయ్యి, సగటు తియ్యి, సమీకరణంలో పెట్టు, గ్రాఫు గియ్యి. ఇక్కడ నేనిచ్చే సలహాలు దీనికి పూర్తిగా ఎదురు నడుస్తాయి. మీ గైడ్లు ఒప్పుకోకపోవచ్చు, వైవాలో నిలదీయవచ్చు. అయినా విశాఖ హార్బరు నీళ్ళ కింద ఏం జరుగుతోందో నిజంగా తెలుసుకోవాలంటే ఇటు నుంచే రావాలని నా గట్టి నమ్మకం.

పద్ధతి పేరు వ్యష్టి నమూనా. చేపల జనాభాను ఒకే అంకెగా చూడకుండా ఒక్కో చేపనూ విడిగా పుట్టిస్తాం. దాని వయసు, పొడవు, ఉన్న చోటు, తిన్న తిండి రాసిపెడతాం. ఏం చూస్తే ఏం చేస్తుందో కొద్దిపాటి నియమాలిచ్చి వదిలేస్తాం. తింటుంది, పెరుగుతుంది, పిల్లలు పెడుతుంది, చస్తుంది. గుంపు ఎంతైందన్నది ఆఖర్న దానంతటదే తేలుతుంది. సమష్టిని మనం కట్టం, వ్యష్టులే కడతాయి.

సగటును దగ్గరకు రానివ్వకండి

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పండుగప్ప పెంచే రైతును అడిగి చూడండి. రెండు తొట్లలో వెయ్యేసి పిల్లలు ఉన్నాయనుకుందాం. రెండింట్లోనూ సగటు పొడవు 5 సెంటీమీటర్లే. మొదటి తొట్టిలో అన్నీ దాదాపు ఒకే సైజు. రెండో తొట్టిలో కొన్ని 7 సెంటీమీటర్లు, కొన్ని 4. సగటు మాత్రమే చూసేవాడికి రెండు తొట్లూ ఒకటే. రైతుకు కాదు. పండుగప్ప పిల్ల తన పొడవులో సుమారు మూడింట రెండొంతులున్న తోబుట్టువును మింగేయగలదు. అంటే 7 సెంటీమీటర్లదానికి 4 సెంటీమీటర్లది నోటికి అందే ఆహారం. తిన్నది ఇంకా పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఇంకా పెద్దవాటిని తినగలుగుతుంది. కొన్నాళ్ళకు రెండో తొట్టి సగం ఖాళీ. అందుకే రైతు రోజుల తేడాలోనే పిల్లల్ని జల్లించి సైజులవారీగా విడదీస్తూ ఉంటాడు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చిన్నవన్నీ కడుపుల్లోకి పోయాక రెండో తొట్టిలో సగటు పొడవు పెరుగుతుంది. రిజిస్టరులో ఆ అంకె ఒక్కటే రాసుకున్నవాడు పెరుగుదల భేషుగ్గా ఉందని సంతోషిస్తాడు. నష్టం జరుగుతుంటే లాభంలా చూపించే అంకె ఇది. దాన్ని ఆధారం చేసుకుని జీవుల గురించి మాట్లాడటం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఈ పండుగప్ప లెక్క లాంటిదే ఒకటి వ్యష్టి నమూనాలకు ఊపిరి పోసిందంటే అతిశయోక్తి కాదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో డొనాల్డ్ డీఏంజలిస్, ఆయన సహచరులు 1980లో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప మీద ఇదే ప్రశ్న వేశారు. ఆ పిల్లలూ ఒకదాన్నొకటి తింటాయి. మొదట్లో పిల్లల మధ్య ఉన్న సైజు తేడా కొద్దిగా మారితే ఆఖర్న ఎన్ని బతుకుతాయి, ఎంత పెరుగుతాయి అన్నది ఎంతో మారిపోతుందని తొట్టి ప్రయోగంలోనూ నమూనాలోనూ చూపించారు. అంతకు ముందే, 1972లో, బాట్కిన్ బృందం అమెరికా అడవుల్లో ఒక్కో చెట్టునూ విడిగా పెంచే నమూనా కట్టింది. పొడుగు చెట్టు నీడ పడి పొట్టి చెట్టు ఆగిపోవడం లాంటి సంగతులు అందులో వాటంతటవే బయటపడ్డాయి.

సమీకరణాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1926లో వోల్టెరా రాసిన వేటాడే చేప, వేటకు గురయ్యే చేపల సమీకరణాలు కూడా ఏడ్రియాటిక్ తీరపు చేపల మార్కెట్ల లెక్కల్లోంచే పుట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో వేట తగ్గినప్పుడు వేటాడే చేపల పాలు ఎందుకు పెరిగిందో అవి చక్కగా చెప్పాయి. కానీ వాటిలో ప్రతి చేపా ఇంకో చేపకు నకలు. ఎవరు ఎవరి పక్కన ఉన్నారన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. మన హార్బరుకు కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే.

కంప్యూటర్ తెరవకండి, చింతపిక్కలు తీసుకోండి

విశాఖ హార్బరుకు 1967లో పిలవని అతిథి ఒకటి వచ్చింది. నల్లచారల మస్సెల్. శాస్త్రీయ నామం మిటిలాప్సిస్ సల్లీ. మన వేలి గోరంతే ఉండే చిప్ప. పుట్టిల్లు కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ. మన దేశంలో మొదట కనిపించింది ఇక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి తన సహచరులతో కలిసి 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో దాని సంగతి ప్రకటించారు. తర్వాత ముంబై నేవీ డాక్‌యార్డులో తేలింది, ఇటీవల కేరళ బ్యాక్‌వాటర్లలోనూ తిష్ఠ వేసింది. ఓడల అడుగులకు, జెట్టీ స్తంభాలకు, బోయాలకు, పైపులకు సన్నని దారాలతో అతుక్కుని, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పేరుకుంటుంది. దాదాపు మంచినీళ్ళలోనూ బతుకుతుంది, సముద్రాన్ని మించిన ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది. ప్రాణవాయువు తక్కువైన మురికి నీళ్ళంటే దానికి లెక్కే లేదు. వానాకాలంలో మేఘాద్రిగెడ్డ వరద లోపలి హార్బరులో కలిసి ఉప్పదనం పడిపోయినప్పుడు ఇతర జీవులు అల్లాడుతుంటే ఇది చిప్ప మూసుకుని కూర్చుంటుంది. నెల తిరిగేసరికే పిల్లలు పెట్టే ఈడుకు వస్తుంది.

ఇలాంటిదాన్ని అర్థం చేసుకోవడానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. చార్టు కాగితం మీద పది అడ్డం, పది నిలువు, వంద గళ్ళు గీయండి. అది జెట్టీ గోడ. 12 చింతపిక్కలు తీసుకోండి, అవి మస్సెళ్ళు. సున్నా నుంచి తొమ్మిది వరకు చీట్లు రాసి డబ్బాలో వేయండి. అష్టాచెమ్మా గవ్వలు రెండు దగ్గర పెట్టుకోండి.

నియమాలు మూడే. పిక్క చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో ఇంకో పిక్క ఉంటే దానికి ఇద్దరు పిల్లలు, లేకపోతే లేరు. పిల్ల ఎక్కడ పడాలో రెండు చీట్లు తీసి తేల్చండి, మొదటిది అడ్డం వరస, రెండోది నిలువు వరస. ఆ గడిలో ఇప్పటికే ఎవరైనా ఉంటే పిల్లకు చోటు లేదు, పోయినట్టే. పిల్లలు కుదురుకున్నాక ప్రతి పిక్కకూ గవ్వలు వేయండి. రెండూ వెల్లకిలా పడితే ఆ పిక్కను తీసేయండి. గవ్వలు నాణేల్లా సమానంగా పడవు కాబట్టి, ఆట మొదలుపెట్టే ముందు కొన్ని పదుల సార్లు వేసి మీ గవ్వల స్వభావం రాసి పెట్టుకోండి.

మొదటి ఆటలో 12 పిక్కల్నీ ఒకదానికొకటి తగలకుండా దూరదూరంగా పెట్టండి. రెండో ఆటలో అదే 12ని ఒక మూల గుత్తిగా పెట్టండి. రెండు ఆటల్లోనూ నూటికి పన్నెండే. సగటు సాంద్రత అడిగే సమీకరణం రెండింటికీ ఒకే జవాబిస్తుంది. కాగితం మీద చూడండి. మొదటి ఆటలో ఎవరికీ పొరుగు లేదు కనుక పుట్టుకే లేదు, గవ్వలు ఒక్కొక్కదాన్నీ ఎత్తుకుపోతాయి, గోడ శుభ్రమైపోతుంది. రెండో ఆటలో మూలనున్న గుత్తి తన పిల్లల్ని గోడంతా చల్లుతుంది. వాటిలో కొన్ని ఒంటరిగా పడి రాలిపోతాయి, కొన్ని ఒకదాని పక్కన ఒకటి పడి కొత్త గుత్తులవుతాయి. కొద్ది వంతుల్లోనే గోడ నల్లబడుతుంది.

ఆట నియమం ఊరికే పెట్టింది కాదు. ఈ మస్సెళ్ళు గుడ్లూ వీర్యమూ నీళ్ళలోకే వదులుతాయి. దగ్గర్లో తోడు లేని చిప్ప ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని వంశం అక్కడితో సరి. కాబట్టి హార్బరులోకి ఎన్ని వచ్చాయన్నది రెండో ప్రశ్న. ఎన్ని కలిసి వచ్చాయన్నదే మొదటి ప్రశ్న.

ఇక్కడి నుంచి బ్యాలాస్ట్ నీళ్ళ దగ్గరకు రండి. ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి విశాఖకు ఖాళీగా వచ్చే ఓడ తూకం నిలవడానికి ఎక్కడి సముద్రం నీళ్ళనో పొట్టలో నింపుకుని వస్తుంది. సరుకు ఎక్కుతుంటే ఆ నీళ్ళు బయటికి వదులుతుంది. 2017 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వదిలే నీళ్ళలో 50 మైక్రాన్లు, అంతకు మించిన సైజు జీవులు ఘనపు మీటరుకు 10 కంటే తక్కువ ఉండాలి. మంచి నిబంధనే. కానీ అదీ సగటే. 50,000 ఘనపు మీటర్లు వదిలే ఓడకు ఆ లెక్కన దాదాపు 5 లక్షల జీవులను వదిలే వీలుంది. అవన్నీ ఒకే బెర్తు దగ్గర, ఒకే పూట. ఇక ఓడ అడుగున నీళ్ళు తోడుకునే సీ చెస్ట్ గూళ్ళలో గుత్తులుగా అతుక్కుని వచ్చేవి ఈ లెక్కలోకే రావు. నమూనా కట్టేవాళ్ళు అక్కడే వెతకాలి.

1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఇదే మస్సెల్ దొరికింది. కొన్ని నెలల్లోనే చదరపు మీటరుకు ఇరవై వేలకు పైగా పేరుకుంది. అక్కడ ఆటుపోటు చాలా ఎక్కువ కనుక పడవలు నిలిపే మెరీనాలకు లాక్ గేట్లు ఉన్నాయి. ఆ గేట్లు మూసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి, కొద్ది వారాల్లో పూర్తిగా నిర్మూలించారు. వాళ్ళు పట్టుకున్నది గుత్తిగా ఉన్న దశలో, మూయగలిగిన చోట. మన హార్బరుకు అలాంటి తలుపుల్లేవు. మనకు మిగిలిన దారి, గుత్తి కట్టకముందే ఒక్కోదాన్నీ కనిపెట్టడం.

తెలిసినదంతా పెట్టకండి

ఆట బాగా వచ్చాక నెట్‌లోగో తెరవండి. 1999లో యూరీ విలెన్‌స్కీ తయారు చేసినది, ఉచితం, మామూలు కంప్యూటర్ చాలు. వంద గళ్ళకు బదులు లక్ష గళ్ళు పెట్టుకోవచ్చు. అప్పుడే ఒక ఆశ పుడుతుంది: చిప్ప మందం, చారల రంగు, నీటి వేడి, ఉప్పదనం, ఆటుపోటు, ఓడల రాకపోకలు అన్నీ దూర్చేద్దామని. దయచేసి వద్దు. ఒక్కో నియమం చేర్చేటప్పుడు అది లేకపోతే ఏ ప్రశ్నకు జవాబు దొరకదో కాగితం మీద రాయండి. రాయలేకపోతే ఆ నియమం అక్కర్లేదు. మస్సెల్‌కు నా లెక్కలో పొరుగు, చోటు, మంచినీళ్ళొస్తే చిప్ప మూసుకోగలిగే రోజులు, ఈ మూడు చాలు. చారల రంగు తీసేయండి.

కోడ్ రాయకముందు నమూనాను తెలుగు వచనంలో రాయండి. ఏ ప్రశ్న కోసం, ఇందులో ఎవరెవరున్నారు, ఒక్కో వంతులో ఏది ముందు జరుగుతుంది, ఏది తర్వాత. పుట్టుక ముందా, చావు ముందా అన్నది మార్చి చూడండి, ఫలితమే మారిపోవచ్చు. జర్మనీ పరిశోధకుడు ఫోల్కర్ గ్రిమ్, ఇంకా చాలామంది కలిసి 2006లో ఇలాంటి వర్ణనకు ఓడీడీ అనే ఒక క్రమం ఏర్పరిచారు. ఆ రాతను చదివి ఎన్నడూ మిమ్మల్ని చూడనివాడు అదే నమూనా కట్టగలగాలి. ఈ పని మాతృభాషలో చేసినవాడికి కోడ్ తేలిగ్గా వస్తుంది.

పుస్తకాల కంటే ముందు ఫిషింగ్ హార్బరు

తెల్లారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్ళండి. వేలం పాటలో ఎన్ని టన్నులు దిగాయో అడగకండి. ఆ లెక్కలు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్ళు పద్ధతిగా తీస్తూనే ఉన్నారు. మీరు ఒక్క కనగర్తను చేతిలోకి తీసుకోండి. పొడవు కొలవండి, పొట్ట కోసి ఏం తిన్నదో చూడండి, గుడ్లున్నాయేమో చూడండి, రాసుకోండి. తర్వాత దాన్ని పట్టిన మనిషిని అడగండి: ఎన్ని బారల లోతులో పడింది, ఏ వేళప్పుడు, వల నిండా ఒకే సైజు పడ్డాయా, చిన్నా పెద్దా కలిసి పడ్డాయా? జాలరి సోదరులు జవాబిచ్చేది చేప నడవడి గురించి. వ్యష్టి నమూనాకు కావలసిన నియమం ఆ జవాబులోనే ఉంటుంది.

ఈ అలవాటు ఈ ఊరికి కొత్త కాదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు వైజాగపటాంలో ఉండగా ఇక్కడి చేపల్ని ఒక్కోటిగా బొమ్మలు వేయించి, వర్ణించి, స్థానికులు పిలిచే పేర్లతో సహా రాసుకున్నాడు. 1803లో లండన్‌లో రెండు వందల చేపల పుస్తకంగా అచ్చయింది. ప్రపంచమంతా ఈ రోజు ఇండియన్ మాకరెల్‌ను రాస్ట్రెల్లిగర్ కనగుర్త అని పిలుస్తున్నది దాని పుణ్యమే.

ఫలితం సరిపోతే అనుమానించండి

నమూనా గీసిన గీత, డేటా గీత అచ్చంగా కలిసిపోతే చప్పట్లు కొట్టకండి. అంకెలు అటూ ఇటూ సర్దితే ఒక గీతను ఏ నమూనాతోనైనా కలపవచ్చు. గ్రిమ్ బృందం 2005లో సైన్స్ పత్రికలో చెప్పిన దారి వేరు: ఒక గట్టి పోలిక బదులు కొన్ని చిన్న పోలికలు ఒకేసారి కుదరాలి. హార్బరు మస్సెల్ విషయంలో అయితే, ఏ స్తంభం ఏ వైపు దట్టంగా ఉంది, వరద తర్వాత మిగిలినవాటి సైజులేమిటి, గోకి శుభ్రం చేసిన పలక మీద మొదటి గుత్తి ఎన్నాళ్ళకు కట్టింది. ఈ మూడూ ఏ సర్దుబాటూ లేకుండా నమూనాలో కనిపిస్తేనే దాన్ని నమ్మండి. ఒకటి కుదరకపోతే మంచిదే. అక్కడ మీకు తెలియని నియమం ఒకటుంది.

గుడ్ల లెక్క చూసి నిశ్చింతగా ఉండకండి

ఈ సలహా కొందరికి కష్టం కలిగిస్తుందని తెలిసే ఇస్తున్నాను. ఏటా జనవరి నుంచి వేసవి మొదలయ్యే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి వచ్చి ఇసుకలో గూడుకు సుమారు వంద గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్ళు, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రుళ్ళు తిరిగి ఆ గుడ్లను కుక్కల నుంచి, మనుషుల నుంచి కాపాడి హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. వాళ్ళ శ్రమకు చేతులెత్తి దండం పెడతాను. కానీ వదిలిన పిల్లల సంఖ్య తాబేళ్ళ భవిష్యత్తు చెప్పదు.

1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అమెరికా ఆగ్నేయ తీరపు లాగర్‌హెడ్ తాబేళ్ళ మీద ఒక లెక్క వేశారు. గుడ్లన్నిటినీ నూటికి నూరుపాళ్ళు కాపాడినా ఆ జనాభా తగ్గుతూనే పోతుందని తేలింది. పెరిగి పెద్దవవుతున్న తాబేళ్ళు వలల్లో చావకుండా చూస్తేనే కోలుకుంటుంది. అది జీవిత దశలవారీ లెక్క, పూర్తి వ్యష్టి నమూనా కాదు. అయినా సగటు నుంచి ఒక్క మెట్టు దిగగానే ఎంత పెద్ద నిజం బయటపడిందో చూడండి. రొయ్యల వలలకు తాబేళ్ళు బయటపడే పరికరం, అంటే టెడ్, బిగించాలన్న అమెరికా నిబంధనలకు ఆ లెక్క పెద్ద బలమైంది.

ఇంకో మెట్టు దిగుదాం. ఒక తాబేలును, ట్రాల్ వల ఈడ్చే ఒక సోనా బోటును పక్కపక్కన పెట్టి వాటి క్యాలెండర్లు రాయండి. తాబేలు జనవరిలో తీరం దగ్గరకు వస్తుంది, వారాల తరబడి ఇక్కడే తిరుగుతుంది, గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి రావాలి. బోటు అదే నెలల్లో అదే నీళ్ళలో గంటల కొద్దీ ట్రాల్ వల ఈడుస్తుంది. వలలో చిక్కిన తాబేలు పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపల సంతానానికి మంచి కాలం. తాబేలుకు మాత్రం అప్పటికే రావలసిన ఆపద వచ్చిపోయి ఉంటుంది. ఏడాది మొత్తానికి ఎన్ని రోజులు వేట ఆగిందన్న ఒక్క అంకెలో ఈ సంగతి కనపడదు. రెండు క్యాలెండర్లలో కనపడుతుంది.

హేచరీలో కూడా గూడు గూడుకూ విడి ఖాతా ఉండాలి. పుట్టబోయేది ఆడో మగో ఇసుక వేడి తేలుస్తుంది. 29, 30 డిగ్రీల సరిహద్దుకు పైన ఎక్కువగా ఆడవి, కింద ఎక్కువగా మగవి. హేచరీ సగటు వేడి సరిగ్గానే ఉందనిపిస్తుంటే నీడలోని గూడు ఒకరకంగా, ఎండలోని గూడు ఇంకోరకంగా ఉండొచ్చు. ఈ ఏడు వదిలిన పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది. ఆడా మగా లెక్క తప్పిందని అప్పటికి తెలిసినా చేయగలిగేది ఉండదు.

అందుకని హేచరీ కార్యకర్తలను కోరేది ఇది. గూడు తేదీ, లోతు, వేడి, పొదిగినవి ఎన్నో విడివిడిగా రాయండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి చచ్చిన తాబేలు డిప్ప పొడవు కొలవండి, చోటు, తేదీ రాయండి, మళ్ళీ లెక్కలోకి రాకుండా రంగు గుర్తు పెట్టండి. ఏ వయసువి చస్తున్నాయో ఆ డిప్పలే చెబుతాయి. బోటు యజమానులను కోరేది ఇంకొకటి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు టెడ్‌ను రూపొందించింది. తాబేళ్ళ రక్షణ చాలలేదన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది, ఆ నష్టం మీ జేబుకే తగిలింది. నిషేధం రోజుల కోసం ఆగకుండా, జనవరి నుంచే టెడ్ బిగించి వేటకు వెళ్ళండి.